మందేసిన సేప

పేరూ ఊరూ తరవాత రాసుకుందువుగాని డాకటేరు బాబూ, ముందు నా నల్లోడ్ని సూడు! కాళ్లెలా కొట్టుకుంతన్నాడో! పొద్దున్నుంచీ ఇదే వణుకు, నోటెంట నురగ.

జగ్గమ్మని. భావనపాడు. బస్సోడు కుక్కనెక్కించనన్నాడు. ఆడి మొఖం గుర్తెట్టుకున్నాను, సచ్చినా మరిసిపోను. ఉప్పుబండి మీద ఒళ్లో ఎట్టుకు తెచ్చినాను.

ఎవరో ఏదో ఎట్టీసినారా అంటే ఏటి సెప్పమంటావు? పక్కింటి లచ్చనమ్మే! నల్లోడు దాని కోడిపెట్టని పట్టీసినాడని ఆరేళ్లుగా మాటల్లేవు. బయల్దేరే ముందే దాని గుమ్మంలో నిలబడి, వీధంతా వినీలాగ తిట్టొచ్చినాను.

ఏటి తిన్నాడా? నా ఇంట్లోదే! పరాయి ముద్ద ముట్టడీడు. రాత్రి గంజిలో ఎండుసేప తలకాయలు కలిపెట్టినాను. కుళ్లినవా? నాతోటా ఆ మాట! ఊళ్లో అందరి సేపకీ పురుగు పడతాది, నా కుండలోదానికి పట్టదు. మందేస్తాను కదా!

ఏటలా సూస్తావు? మందే బాబూ. సంతలో అసిరయ్య పొట్లం కట్టిచ్చిన తెల్లపొడి. "ఇది మందే అప్పా, సేపకేస్తే పురుగు దరికి రాదు" అన్నాడు. పొట్లం మీద రాతుందా అంటే ఉన్నాది. నాకు నా పేరు రాయడం వచ్చు, అంతే. జొరానికిచ్చేదీ మందే కదా? కుక్క కడుపులోనూ పురుగులుంటాయి కదా, మంచిదే అనుకున్నాను.

నేను తినేవి మూడు నీళ్లు కడుగుతాను. ఈడివి కడగలేదు. కడిగితే మందు పోతాదని!

అలా తలూపకు. సూదెయ్యి. ఒకరి కాళ్లు పట్టుకున్నదాన్ని కాను, నీ కాళ్లట్టుకుంతాను.

లచ్చనమ్మ కాదు బాబూ. కాదని నాకు బండిలోనే తెలిసిపోనాది.

రాత్రి గిన్నె ముందెడితే, ఈడు వాసన సూసి వెనక్కెళ్లిపోనాడు. మళ్లీ పిలిస్తే వచ్చి, మళ్లీ మొఖం తిప్పీసినాడు. ఏరి కోరి ఎడితే నీకింత పొగరా అని కర్ర తీసినాను.

నా మొఖంకేసి సూసుకుంటా తిన్నాడు బాబూ. గిన్నె నాకీదాకా నేను కర్ర దించలేదు.