జడ రాణి

పాత నాణేల దుకాణం వెనక గది. మధ్యాహ్నం. ముందు షట్టరు సగం దించి ఉంది. అక్క బల్ల దగ్గర కూర్చుని నాణేలు సర్దుతోంది. చెల్లెలు గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అయితే బావ లేడా?”

“లేరని చెప్పానుగా. లోపలికి రా చిట్టీ, గుమ్మంలో నిలబడి మాట్లాడతావేంటి.”

“ఎక్కడికెళ్ళాడు?”

“నాణేల వర్తకుల సంఘం వాళ్ళు ఫోన్ చేశారు, ఉన్నపళంగా రమ్మని. వచ్చే నెల ప్రదర్శన ఉంది కదా, మన బల్ల ఎక్కడ వెయ్యాలో మాట్లాడ్డానికై ఉంటుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళారు. ఆ కుర్చీ మీద డబ్బాలు కింద పెట్టి కూర్చో.”

“లేకపోవడమే మంచిదైంది.”

“ఏమైంది? మొహం అలా ఉందేంటి? మీ ఆయనతో ఏమైనా—”

“మా ఆయన బానే ఉన్నాడు. అక్కా, చేతిలో ఆ పని ఒక్క నిమిషం ఆపుతావా?”

“వింటున్నా, చెప్పు. రాగి పెన్నీలు, నిన్ననే వచ్చాయి. కవర్లలో పెట్టకపోతే చేతి చెమటకి మచ్చలు పడతాయి. నువ్వు చెప్పు.”

“జడ రాణి నకిలీది.”

“ఏంటీ?”

“నాన్న జడ రాణి నాణెం. నా దగ్గరున్నది. నకిలీది.”

“ఎవరన్నారు?”

“వేలం ఆఫీసులో అన్నారు.”

“వేలం ఆఫీసుకి నువ్వెందుకెళ్ళావు? అమ్మనని అన్నావు కదా. నాన్న పోయినప్పుడు అందరి ముందూ అన్నావు, ప్రాణం పోయినా దాన్ని అమ్మనని.”

“అన్నాను. నా కుట్టు దుకాణం ఉన్న గది ఓనరు అమ్మేస్తున్నాడక్కా. కొంటే నేను కొనాలి, లేకపోతే మిషన్లు రోడ్డు మీద పెట్టుకోవాలి. ఇద్దరు ఆడపిల్లలు నన్ను నమ్ముకుని పనిచేస్తున్నారు. ఎన్నాళ్ళో ఆలోచించాను. నాన్న ఉంటే ఆయనే అమ్మెయ్యమనేవాడు అనిపించింది.”

“నాతో ఒక్క మాట అనకుండా.”

“నీతో అంటే డబ్బు మీరు సర్దుతామంటారు. మీది మాత్రం ఏమంత గొప్పగా ఉందని.”

“అయినా ఒక్క మాట అనాల్సింది.”

“ఆ పరీక్ష చేసే పెద్దాయన మొదట ఎంత సంబరపడ్డాడో తెలుసా. పద్దెనిమిది వందల నలభై ఏడు, విక్టోరియా రాణి బొమ్మున్న క్రౌను అనే వెండి నాణెం అని పక్క బల్లల వాళ్ళని కూడా పిలిచాడు. రాణి పడుచుగా ఉన్నప్పటిది, వెనక ఆ జడ అల్లిక చూడండని ఒకటే మురిసిపోయాడు. నాకు ఒళ్ళు తెలియలేదక్కా. నాన్న దాన్ని పాత వెండి మూటలోంచి ఎలా ఏరి పట్టుకున్నాడో, మా ఇంట్లో దానికి జడ రాణి అని పేరెలా వచ్చిందో, బళ్ళోకెళ్ళేటప్పుడు మా అక్క దాన్ని ఎదురుగా పెట్టుకుని నాకు అచ్చం అలాగే జడ వేసేదనీ, అన్నీ వాగేశాను.”

“అవన్నీ ఎందుకు వాళ్ళకి.”

“వాగేశాను మరి. తర్వాత ఆయన దాన్ని త్రాసులో పెట్టాడు. భూతద్దం పెట్టి చూశాడు. తల అడ్డంగా ఊపాడు. వచ్చిన వాళ్ళంతా ఒక్కొక్కరే వాళ్ళ బల్లల దగ్గరికి వెళ్ళిపోయారు. ఇది ఎవరి దగ్గర కొన్నారమ్మా అన్నాడు. కొనలేదండీ, మా నాన్నగారిదే అన్నాను. అందరూ అలాగే అంటారన్నాడు. దొంగని చూసినట్టు చూశాడు. వెనక లైనులో నిలబడ్డ వాళ్ళు కూడా.”

“నీళ్ళు తాగు.”

“వద్దు.”

“చిట్టీ, నాన్న కూడా మోసపోయి ఉండొచ్చు కదా. మనం చిన్నపిల్లలం, నాన్న నిజమైందంటే నిజమైందే అనుకున్నాం. ఈ వ్యాపారంలో మోసపోనివాళ్ళెవరు?”

“నేనూ అదే అనుకున్నాను. ఏడుపు మొహం వేసుకుని లేచి రాబోతున్నా. ఆయనకి జాలేసిందో ఏమో, నిజమైంది ఎలా ఉంటుందో చూసి వెళ్ళండమ్మా అని, పోయిన చలికాలంలో వాళ్ళే వేలం వేసినదాని ఫోటో చూపించాడు. ఇంత పెద్ద ఫోటో.”

“ఊఁ.”

“జడ కింద గీత ఉందక్కా.”

“ఏ గీత?”

“మర్చిపోయావా? చిన్నప్పుడు నేను సూదితో గీసిన గీత. నాన్న ఆ పూట అన్నం కూడా తినలేదు. నన్ను మాత్రం పల్లెత్తు మాట అనలేదు. దగ్గరుండి చూసుకోలేదని నిన్ను తిట్టాడు.”

“కొట్టాడు.”

“కొట్టాడా? నాకు గుర్తులేదు.”

“నీకెందుకు గుర్తుంటుందిలే. సరే, గీత ఉంది. పాత నాణేలన్నాక గీతలుండవా?”

“అదే చోట, అదే వంకరతో ఉంటుందా? నా దగ్గరున్న నకిలీదానికీ అదే గీత ఉంది. అచ్చు తీసినప్పుడు గీత కూడా దిగుతుందట. అంటే నాన్న నాణెం మీదే అచ్చు తీశారు. బయటివాడెలా తీస్తాడు? ఇంట్లో మనుషులే తీశారు. నకిలీది నాకిచ్చి, అసలుది వేలంలో పెట్టారు.”

“అమ్మిందెవరో చెప్పారా వాళ్ళు?”

“పేర్లు చెప్పకూడదట. నేను వదల్లేదు. చివరికి నోరు జారాడు. ఈ దుకాణం నుంచే వచ్చింది.”

“ఈ దుకాణం నుంచా.”

“అక్కా, నీకు చెప్పడానికి నాకెలా ఉందో తెలుసా. వీధి చివర్న ఆగిపోయి, వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ నీకు తెలియాలి. బీరువా తాళాలు బావ దగ్గరుంటాయి. అచ్చులు పోసేవాళ్ళు, వేలం వాళ్ళు, అందరూ తెలిసినవాడు బావ. నాన్న పోయాక నాణేలు పంచిందీ బావే. జడ రాణిని నా అరచేతిలో పెట్టి, ఇది మీ నాన్న నీకే ఇమ్మన్నారమ్మా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు చూసి నేను కూడా ఏడ్చాను. సొంత అన్నయ్య ఉన్నా ఇంతకన్నా ఏం చేస్తాడనుకున్నాను.”

“ఆయన్నేమీ అనకు.”

“ఎందుకనకూడదు?”

“తొందరపడి అనకు అంటున్నా. నేను అడుగుతాను. నెమ్మదిగా, నా పద్ధతిలో నేను అడుగుతాను.”

“నీ పద్ధతిలో అడిగితే నీకు ఏదో ఒకటి చెప్పి నోరు మూయిస్తాడు. అక్కా, నువ్వు నా పక్కనుంటావా ఉండవా? అదొక్కటి చెప్పు చాలు. నిన్ను కూడా మోసం చేశాడు కదా, నీకు కోపం రాదా?”

“ఎందుకంత పెద్దది చేస్తావు. అంచు మీద సన్నటి అతుకు గీత ఉన్నంత మాత్రాన నకిలీదని తేలిపోదు. ఇంకో చోట చూపిద్దాం. వేరే—”

“ఏమన్నావు?”

“ఇంకో చోట చూపిద్దామంటున్నా.”

“అది కాదు. అంచు మీద అతుకు అన్నావు.”

“నువ్వే అన్నావుగా.”

“త్రాసులో పెట్టాడన్నాను. భూతద్దం అన్నాను. అంచు మాట నేనెత్తలేదు. ఆయన అక్కడ చూపిస్తేగానీ ఆ అతుకు నాకే కనపడలేదు. ఇన్నాళ్ళు నా బీరువాలో ఉన్నా కనపడలేదు.”

“నకిలీవి అలాగే ఉంటాయని మీ బావ అంటుంటే విన్నాను.”

“అక్కా, ఇటు చూడు.”

“పెన్నీలు కలిసిపోతాయి చిట్టీ, ఆగు.”

“ఇటు చూడు.”

“చూశాను. ఏంటి?”

“నీకు ముందే తెలుసు.”

“తెలుసు.”

“బావ చేశాడని తెలిసీ ఊరుకున్నావు.”

“ఆయనకేమీ తెలియదు. నీ చేతిలో పెట్టింది అసలుదే అనుకున్నారు. ఆ కళ్ళనీళ్ళు నిజం. మీ బావకి పదిమందితో మాట్లాడ్డం వచ్చు, కుర్చీ వేసి కూర్చోబెట్టడం వచ్చు. అసలు నాణేనికీ పోత నాణేనికీ తేడా చెప్పమంటే ఈనాటికీ లోపలికొచ్చి నన్నడుగుతారు.”

“నువ్వా?”

“నేనే.”

“నువ్వు చేశావా అక్కా?”

“నాన్న మంచంలో ఉండగానే చేయించాను.”

“ఎందుకు?”

“నాన్న దాన్ని వెండి మూటలోంచి ఎలా ఏరాడో వాళ్ళకి కథలా చెప్పావు చూడు, అందుకు. ఆ రోజు నాన్నతో వెళ్ళింది నేను. వెండి అమ్మేవాళ్ళ వసారాలో మూట కుమ్మరిస్తే, నాన్న వాళ్ళతో బేరంలో ఉంటే, నేలమీద కూర్చుని వేళ్ళతో కెలికి చూసింది నేను. మసిబట్టి ఉంది. జడ కూడా కనపళ్ళేదు. నాన్న అవతల పడేశాడు. అది మామూలుది కాదు నాన్నా అని మళ్ళీ తీసి చేతిలో పెట్టింది నేను. ఇంటికొచ్చేసరికి అది నాన్న గొప్పతనమైపోయింది.”

“నాకెప్పుడూ చెప్పలేదే.”

“ఎవరికి చెప్పను? నాన్నకి చూపు మందగించాక ఇక్కడికొచ్చిన ప్రతి నాణెం చూసింది నేను. లోపల నేను చెప్పేదాన్ని, బయట నాన్న చెప్పేవాడు. ఇప్పుడు మీ బావ చెప్తున్నారు. బోర్డు మీద నిన్న నాన్న పేరు, ఇవాళ ఆయన పేరు. పోన్లే, జడ రాణి ఒక్కటి నాకిస్తాడనుకున్నాను. నీకిమ్మన్నాడు. దాని మీద సూదితో గీసిన నీకు.”

“ఒక్కసారి అడిగితే ఇచ్చేసేదాన్ని అక్కా. నీ మీద ఒట్టు, అప్పటికప్పుడు ఇచ్చేసేదాన్ని.”

“నాది నేను నిన్ను అడుక్కోవాలా?”

“అంత ప్రాణమైతే దాచుకోవాలిగా. అమ్మేశావేం మరి?”

“దాచుకుని ఎవరికి చూపించుకోను? బయటికి తీస్తే నీకు తెలిసిపోతుంది. ఒక్కసారైనా నా పేరు మీద అమ్ముకుందామని వెళ్ళాను. దుకాణం పేరు వినగానే వాళ్ళు ఆయన పేరే రాసుకున్నారు. నేను మాట్లాడకుండా వచ్చేశాను.”

“నాకు నువ్వు అక్కవి కాదు, అమ్మవి. అమ్మ పోయాక నువ్వే కదా అన్నీ. పెళ్ళిలో కూడా నా జడ నువ్వే వేశావు. అందరి దగ్గరా అదే చెప్పుకుంటాను. ఇవాళ ఆ వేలం ఆఫీసులో కూడా అదే చెప్పుకున్నాను.”

“ఏడవకు.”

“ఏడవట్లేదు. అక్కా, నేనో పని చేశాను.”

“ఏం చేశావు?”

“బావని పిలిచింది ప్రదర్శన గురించి కాదు.”

“మరి?”

“వేలం ఆఫీసు నుంచి నేరుగా సంఘానికే వెళ్ళాను. ఆ నకిలీది వాళ్ళ బల్ల మీద పెట్టి, బావ పేరు చెప్పి ఫిర్యాదు చేశాను. ఇవాళే పిలిపించి అందరి ముందూ నిలబెట్టి అడుగుతామన్నారు. తేలితే సంఘంలోంచి తీసేస్తారట. ఇంక ఏ వర్తకుడూ ఆయనతో కొనడం, అమ్మడం ఉండదట.”

“ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు.”

“లే అక్కా, చెప్పులేసుకో. ఇద్దరం వెళ్దాం. ఆయనకేమీ తెలియదని నువ్వు చెప్పు, నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటాను. మిగతాది మనిద్దరం ఇంట్లో తేల్చుకుందాం. నాకు ఆ నాణెమూ వద్దు, గదీ వద్దు. లే.”

“కూర్చో.”

“అక్కడ బావ ఒక్కడూ, ఏం జరిగిందో కూడా తెలియకుండా—”

“కూర్చో చిట్టీ.”

“నువ్వు రాకపోతే నేనే వెళ్ళి చెప్తాను. చేసింది బావ కాదు, మా అక్క అని చెప్తాను.”

“చెప్పు. నేను కాదంటాను. నాణేల సంగతి నాకేమీ తెలియదని ఈ ఊళ్ళో అందరూ అనుకుంటున్నదే కదా.”

“ఆయన నీ మొగుడక్కా.”

“అందుకే వద్దంటున్నా. ఈ ఇంట్లో నాణేలు తెలిసింది నేనొక్కదాన్నే, నకిలీదాన్ని చేతిలో పెట్టగానే ఇది ఎవరి పనో ఆయనకి తెలిసిపోతుంది. ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. నా పేరు బయటికి రానివ్వరు, ఆ తప్పు తన మీదే వేసుకుని వస్తారు.”