రెండు కుర్చీలు, ఒక్క రోజు ఒప్పందం

సభాధ్యక్షులు హాల్‌స్టెడ్ గారికి, వేదిక మీది పెద్దలకు, నన్ను భరించిన కోచ్‌లకు, పదహారేళ్లు మంచులో కూర్చుని నన్ను తిడుతూ, అప్పుడప్పుడూ మెచ్చుకుంటూ వచ్చిన ఎరీ ఊరి మిత్రులకు నమస్కారం.

మీ పేర్లు ఈ మణికట్టు పట్టీ మీద రాసుకొచ్చాను. మైదానంలో వ్యూహాలు రాసుకునే పట్టీయే ఇది. అప్పట్లో ఇది నా భార్య కోరిన్ రాసిచ్చేది. ఇప్పుడు రాత నాది. ఎవరి పేరైనా తప్పు చదివితే మన్నించండి.

హాల్‌స్టెడ్ గారు ఇందాక పావుగంట సేపు నన్ను పొగిడారు. కృతజ్ఞతలు. అయితే మన ఫుట్‌బాల్లో వ్యూహం చెప్పి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ బతికేదే అనుమానం మీద. ఎదుటి జట్టువాడు నెమ్మదిగా వెనక్కి జరిగి అమాయకంగా నిలబడ్డాడంటే, బంతి కదలగానే నా పక్కటెముకల మీదికి వచ్చేది వాడే. మూడేళ్ల కిందట నన్ను ఫోన్లో తీసేసిన యాజమాన్యం, ఇవాళ ఒక్క రోజుకు ఒప్పందం రాసి, మా ఆటగాడిగానే ఆట విరమించమంటోంది. మన ఆటలో అది మర్యాదే, చాలామందికి చేశారు. వచ్చే నెల, ఊరి పన్నులతో కట్టే కొత్త స్టేడియం మీద ఊరు ఓటెయ్యబోతోంది. ఈ రెంటినీ నేను ముడిపెట్టడం లేదు. పక్కపక్కన పెట్టి చూస్తున్నాను, అంతే. (నవ్వులు.) అధ్యక్షా, మీరు కాస్త ఆలస్యంగా నవ్వారు.

పాత స్టేడియం నుంచి ఊడదీసిన కుర్చీలు బహూకరించారు. ఒకటి కాదు, రెండు. ఒకే ఇనుప కడ్డీకి బిగించినవి, విడదీస్తే నిలబడవట. కోరిన్ పోయి ఏడు నెలలయింది. ఈ బహుమతి ఎంచినవారు తెలియక ఎంచారా, తెలిసే ఎంచారా అని నిన్నటి నుంచి ఆలోచిస్తున్నాను. చెడ్డగా అనుకోకండి. నా అలవాటు.

ఆ అలవాటు ఒక మనిషిని ఏం చేసిందో చెప్పడానికే ఇవాళ సంతకం పెట్టి వచ్చాను.

మూడేళ్ల కిందట ఇదే హాల్లో, పత్రికలవాళ్ల ముందు, "నాకు బంతి అందించిన చేతులే నన్ను అమ్మేశాయి" అన్నాను. పేరు చెప్పలేదు. ఎనిమిదేళ్లు నా ముందు వంగి, కాళ్ల మధ్య నుంచి నాకు బంతి అందించిన సెంటర్ ఆర్వో కెటోలా ఒక్కడే కాబట్టి, చెప్పనక్కర్లేకపోయింది. ఆర్వో చేపల వేపుడు దుకాణం మీద ఎవరో గుడ్లు విసిరారు. శుక్రవారం చేపల కోసం కట్టే వరసలు సగమయ్యాయి. మీలో కొందరు తలలు దించుకున్నారు. మీ తప్పు కాదు, నేను చెబితే నమ్మారు.

నా లెక్క ఇది. ప్రతి ఆగస్టులో వైద్యులు మా బుర్రలకు పరీక్ష పెడతారు. పన్నెండు మాటలు చదివి, కాసేపాగి అప్పజెప్పమంటారు. తర్వాత తలకు దెబ్బ తగిలితే మళ్లీ పెట్టి, ఆగస్టు మార్కులతో పోల్చి చూస్తారు. అందుకని సీనియర్లం ఆగస్టులో కావాలనే తప్పులు చెప్పేవాళ్లం. బాగున్నప్పుడే ఆరొస్తే, దెబ్బ తిన్నాక వచ్చే ఆరును ఎవరు పట్టించుకుంటారు? నాకు పదకొండు గుర్తుండేవి, ఆరు చెప్పేవాణ్ని. కొత్తవాళ్లకు నేర్పాను కూడా. తెలివనుకున్నాను.

నా చివరి ఏడాది డిసెంబరులో ఒక ఆటలో తల నేలకు కొట్టుకుంది. లేచి, అప్పుడే ఆడేసిన వ్యూహాన్నే మళ్లీ చెప్పాను. మరోసారి కూడా. ఆర్వో నా హెల్మెట్ కడ్డీ పట్టుకుని, ఎవరికీ వినపడకుండా, "లైల్, అది ఆడేశాంరా. పట్టీ చూడు, మూడో వరస" అన్నాడు. మర్నాడు పరీక్షలో నా ఆరు మార్కులతో గట్టెక్కాను. వారం తిరక్కుండా మా జట్టు వైద్యుడు డాక్టర్ పెర్రిగోకు అంతా తెలిసిపోయింది, నన్ను తీసేశారు. నా సంగతి తెలిసినవాడు ఆర్వో ఒక్కడే. లెక్క సరిపోయింది.

భోజనాల బల్ల దగ్గర అడిగిందే మూడుసార్లు అడిగే మొగుడికి ఎదురుగా ఒక మనిషి కూర్చుంటుందని ఆ లెక్కలోకి రాలేదు.

కోరిన్ అంత్యక్రియలకు ఆర్వో వచ్చాడు. చెయ్యి చాచాడు. నేను టోపీ సర్దుకున్నాను.

పోయిన వారం ఈ ఒప్పందం కోసం వైద్య పరీక్షకు వెళ్లి, పెర్రిగో గారిని అడిగాను, ఆర్వో మీకేం చెప్పాడని.

"ఆర్వోనా? చెప్పింది మీ ఆవిడ" అన్నారాయన. "ఆగస్టు మార్కులు అబద్ధమని ఆమే చెప్పింది. ఆర్వో కారులో దింపాడు, అంతే. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఏడ్చింది, లైల్‌కి తెలిస్తే నా మొహం చూడడని. అప్పుడతను, 'నేను చెప్పాననే అనుకోనీ కోరిన్. నువ్వు వాడితో ఒకే ఇంట్లో ఉండాలి. నాకా బాధ లేదుగా' అన్నాడు."



కొంచెం నీళ్లు ఇప్పించండి.

ఇంట్లో నేను ఆర్వోను తిట్టినప్పుడల్లా కోరిన్, "వాణ్నొదిలెయ్ లైల్, సూప్ చల్లారిపోతోంది" అనేది. వాణ్నెందుకు వెనకేసుకొస్తోందని కోరిన్‌నూ అనుమానించాను.

పోయిన వారం పరీక్షలో మాత్రం గుర్తున్న మాటలన్నీ చెప్పాను. ఐదు. నటించినప్పటికంటే ఒకటి తక్కువ. ముందు వరసలోని కొత్త ఆటగాళ్లకు ఒక్క మాట. ఆగస్టులో నిజం చెప్పండి.

ఈ ఒప్పందం సాయంత్రం ఐదింటిదాకా ఉంటుంది. అందాకా నేను ఈ జట్టు క్వార్టర్‌బ్యాక్‌ని. నేను చెప్పింది సెంటర్ వినాలి. ఆర్వో, తలుపు దగ్గర నిలబడ్డావేం? నీ మీద అబద్ధం చెప్పాను. ఈ హాల్లోనే చెప్పాను కాబట్టి ఈ హాల్లోనే వెనక్కి తీసుకుంటున్నాను. క్షమించడం నీ ఇష్టం. ఈ కుర్చీలు మా వెనక వరండాలో, సరస్సు వైపు వేస్తున్నాను. రెండోది ఖాళీగా ఉంటే చూడలేను. ఆదివారం రా.

(వెనక నుంచి కెటోలా: "నేనందులో పట్టనురా.")

పట్టవు. వచ్చి ప్రయత్నించు.

అధ్యక్షులకు, ఏర్పాట్లు చేసినవారికి, ఇంతసేపు విన్న మీకు కృతజ్ఞతలు. ఓటు సంగతి మీ ఇష్టం. పట్టీ మీద ఇంకొక్క పేరు మిగిలింది. కోరిన్. అది చూసి చదవలేదు.

సెలవు.