పొయ్యి పక్కన చోటు

ఈకకలంతో వీలునామాలు రాసే రోజులు. మంచం మీద పెద్దాయన, పక్కన భార్య, ఎదురుగా లేఖరి. వంటింట్లో కోడలు తిరగలి తిప్పుతోంది.

“పొలం, ఇల్లు, గొడ్లు మొత్తం అబ్బాయికి రాసేసి, నన్ను పాకలో పడుకోబెడుతున్నారటగా! పక్కింటావిడ చెప్పింది.”

“ఆవిడకెవరు చెప్పారు?”

“మంగలాయన భార్య. గడ్డం గీయించుకుంటూ మీరే అన్నారట.”

“గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషి ఏదైనా అంటాడే.”

“పెద్దాయనా, కలం మీద సిరా ఆరిపోతోంది. భూమి యావత్తూ కుమారుడికి అన్నంతవరకూ రాశాను. మరి అమ్మగారికి?”

“దానికి వేరే ఎందుకయ్యా? కొడుకు చూసుకుంటాడని రాయి.”

“అలా రాయకండి లేఖరిగారూ. తూర్పు గది నాదని రాయండి.”

“సరే, రాయి. గది ఇచ్చాను. సంతోషమా?”

“గదిలోకి ఎలా వెళ్ళను? దారి వంటింట్లోంచే కదా.”

“నడవడానికి కూడా రాయించాలా!”

“రాయించాలి పెద్దాయనా. కిందటేడు ఒకచోట గది రాసి దారి మరిచిపోయాం. పాపం, ఆ పెద్దావిడ కిటికీలోంచి దిగుతోంది.”

“విన్నారా? రాయండి. వంటింట్లోంచి దారి. పొయ్యి పక్కన చోటు.”

“పొయ్యి ముందా, పక్కనా అమ్మా?”

“పక్కన. ముందైతే పొగ. ఆ తర్వాత ఎర్రావు.”

“ఎర్రావా? అది తంతుందే!”

“మిమ్మల్ని తంతుంది. నన్ను తన్నదు. మేత అబ్బాయి వెయ్యాలి, పాలు నేను పితుక్కుంటాను. బావిగట్టు మీద దానిమ్మ చెట్టు. కొట్టుగది తాళంచెవి...”

“ఆగవే, ఆగు! అన్నీ నువ్వే తీసుకుంటే వాడికేం మిగిలింది?”

“పని.”

“చూశావా లేఖరీ? నేనింకా బతికుండగానే!”

“నవ్వకండి, మళ్ళీ దగ్గొస్తుంది. ఇదిగో, నీళ్ళు తాగండి.”

“అది కాదే. కన్నకొడుకు మీద అంత నమ్మకం లేకపోతే ఎలా?”

“వాడు బంగారం. ఏదడిగినా లేదనడు.”

“మరింకేం?”

“అడగాలి కదండీ. ఈ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆ పొయ్యి నేనే రాజేశాను. మీరు పోయాక, గుక్కెడు పాలు తాగనా అని నా వంటింట్లో నేనే అడగాలి.”

“రాయవయ్యా. అన్నీ రాయి. తాళంచెవి కూడా. ఆ దక్షిణం గట్టు మీది గడ్డీ దానికే. ఎర్రావుకి అదంటే ఇష్టం.”

“అడక్కుండానే ఇచ్చారే!”

“దగ్గులో నోరు జారింది.”

“రాశాను. కానీ పెద్దాయనా, పొయ్యి, దారి, తాళంచెవి... ఇవన్నీ రేపు కోడలమ్మతో పంచుకోవాల్సినవి. ఆవిడ కాదంటే రోజూ గొడవే.”

“ఉష్... మెల్లగా. తిరగలి ఆగింది.”

“ఆగితే?”

“వింటోంది.”

“వింటే విననీ. ఎప్పటికైనా తెలియాల్సిందేగా. అమ్మాయ్! ఇలా రా తల్లీ. విన్నావా?”

“విన్నాను మామయ్యా.”

“నీకేమైనా అభ్యంతరం ఉందా?”

“ఉంది.”

“చూశారా మరి! తాళంచెవి దగ్గరే పేచీ వస్తుందనుకున్నా.”

“తాళంచెవి మీదే అత్తయ్యా. పొయ్యి పక్కన చోటూ మీదే. పీట నేనే వేస్తాను.”

“మరి అభ్యంతరం దేనికమ్మా?”

“ఒక్క కాగితమే రాశారు లేఖరిగారూ. అత్తయ్యా, మీ అబ్బాయి పొలం నుంచి రాగానే ఆయన చేత కూడా ఇలాంటిదే ఇంకోటి రాయించండి. అందులో నా పేరు పెట్టించండి.”