కూటంలో చెప్పిన మాట

హలో… ఆ, నేనేలే మహిమక్కా. చెప్పు.

…ఇంట్లో లేను. జగ్గయ్యపేట ఆటో స్టాండ్ దగ్గరున్నా. పెనుగంచిప్రోలు వెళ్తున్నా—

…సెలవేం పెట్టలేదు. చెప్పకుండానే స్కూల్లోంచి వచ్చేశా.

…అక్కా, ముందు నన్నో మాట అడగనీ. బుధవారం మీ చర్చి ఉపవాస కూటంలో మా స్కూలు పిల్ల సింధూర గురించి ప్రార్థన చెయ్యమన్నావా?

…అన్నావా, లేదా?

…పేరు చెప్పలేదు, సరే. "కృపాజ్యోతి స్కూల్లో టెన్త్ పిల్ల, పెనుగంచిప్రోలు, తండ్రి తాగొచ్చి తల్లిని కొడుతున్నాడు" అన్నావుగా. ఇంకా పేరెందుకక్కా? ఆ పిల్ల మేనత్తని మీ నందిగామలోనే ఇచ్చారు. కూటంలో నీ వెనకే కూర్చుందట!

…తెలిసి చెయ్యలేదులే. ఆ పిల్ల బాగుండాలనే చెప్పుంటావు.

…ఏమైందా? ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. వాడు నిన్న స్కూలుకొచ్చి, అందరి ముందూ, "ఇంటి గుట్టు రచ్చకెక్కించే చదువు నా కూతురికక్కర్లేదు" అని పిల్లని లాక్కుపోయాడు. ఇవాళ రాలేదు.

…పోతూ నా వంక చూసిందక్కా. తిట్టినా బాగుండేది.

…అవును, నీతో అన్నది నేనే. స్కూలు కౌన్సెలర్ని, పిల్లలు చెప్పుకున్నది బయట అనకూడదు. మరి ఈ బరువెక్కడ దించుకోను? పొద్దున ఇక్కడ, మధ్యాహ్నం నందిగామ బ్రాంచి. ఏ పిల్ల ఏడ్చినా నా గదికే తోలతారు. టీచరు రాకపోతే ఆ క్లాసులోనూ నేనే. ఇంటికెళ్తే మావాడు "అమ్మా" అన్నా కసురుకుంటున్నా. ఆ ఆదివారం నువ్వు తలకి నూనె రాస్తుంటే ఏడుపొచ్చేసింది. నోరు జారా…

…ఊరుకో అక్కా. ఏడవకు.

…వెళ్ళి ఏం చేస్తానో నాకూ తెలీదు. పరీక్షలన్నా రాయించమని వాళ్ళమ్మ కాళ్ళు పట్టుకుంటా. వాడు గుమ్మంలోంచే తరిమేస్తాడేమో.

…వద్దొద్దు, నువ్వు రాకు. నిన్ను చూస్తే ఇంకా రేగిపోతాడు.

…నేనా? నాకేం? బాగానే ఉన్నా.

…గొంతా? దుమ్ము. సిమెంటు లారీలు పోతున్నాయి.

…ఆ, తింటున్నా. నిద్ర పడుతోంది.

…దాచట్లేదక్కా. చెప్పడానికేమీ లేదు, అంతే.

…అక్కా… వచ్చే బుధవారం కూటంలో నా గురించి కూడా ప్రార్థన చెయ్యమని అడగకు. ఎవర్నీ.

…ఆటో నిండింది. పెట్టేస్తున్నా.