కంప్యూటరుకు చెప్పని బరువు

సూరత్‌లో కృత్రిమ కాళ్లు చేసే కేంద్రం అది. ఏడేళ్ల కూతురికి తొడగబోయే కొత్త పాదాన్ని ఓ తల్లి భయంభయంగా వంచి చూస్తోంది. దాన్ని గీసిన ఇంజనీరమ్మ తెలుగామె కావడమొక్కటే ఆమెకు ధైర్యం.

“గిదేంది మేడం, నడుమంత పొక్కలే ఉన్నయి! జర ఒత్తితేనే వంగుతున్నది.”

“వంగాలనే అలా చేశామమ్మా. ఇందులో కీలు, స్ప్రింగు ఏవీ ఉండవు. ఎక్కడ మందం ఉంచాలో, ఎక్కడ తీసెయ్యాలో కంప్యూటర్ వందలసార్లు లెక్కవేసి చెప్పింది.”

“ఇరిగితే?”

“పాప బరువుకు విరగదు. గంతులేసినా సరే.”

“ఎంత బరువని చెప్పిండ్రు దానికి?”

“పద్దెనిమిది కిలోలు. మీ ముందే తూచాం కదా.”

తల్లి పాదాన్ని బల్లమీద పెట్టేసింది.

“తొడగకుండ్రి మేడం.”

“ఏమైంది?”

“మీరు తిడ్తరని చెప్పలే. నేను చీరలకు స్టోన్లు అతికే పనికి పోతె, దీని చెల్లెను పొద్దంత ఇదే సంకలేసుకొని తిరుగుతది. మూడంతస్తుల మెట్లు గూడ దిగుతది.”

“ఎత్తుకోవద్దని చెప్పొచ్చుగా?”

“చెప్తనే ఉన్న. చెల్లె ఏడిస్తె ఇది ఆగుతదా?”

ఇంజనీరమ్మ పాదాన్ని సొరుగులో పెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుంది.

“చెల్లెలు ఎంతుంటుంది?”

“తొమ్మిది కిలోలు.”

“అయితే ఇరవై ఏడు. మళ్లీ మొదట్నుంచి లెక్క వేయిస్తాను.”

“ముప్పై రాయుండ్రి మేడం. చిన్నది ఇంకా పెరుగుతది.”