విమానాన్ని ఆపిన ఎండుచేప కూర

మెహబూబ్ జాన్‌కి ఆ సాయంత్రం టీ వడగట్టడం మీద మనసు లేదు. టీ కొట్టుని ఆనుకుని కొత్తగా తాటాకు పాక వేయించేడు, పొయ్యి కట్టించేడు, తెల్లారితే భోజనాలు మొదలని అనకాపల్లి బెల్లం మార్కెట్టంతా చాటించేడు. తీరా చూస్తే వంటకి కుదిర్చిన అప్పలరాజు, విశాఖపట్నం మిలట్రీ కేంపులో జీతం ఎక్కువట అని, మధ్యాహ్నం రైలుకి చెక్కేసేడు. ఇంటి దగ్గర భార్య హాజిరాబీ చేతి వంట బాగుంటుంది గాని, నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని బజారు పొయ్యి ముందు ఎలా కూచుంటుంది పాపం? ఆ పాక కోసం చేతి గాజులు తీసి ఇచ్చింది ఆవిడ. రేపు పాక తలుపు తీసి "వంట లేదు, వెళ్ళండి" అంటే ఆవిడకి మొహం ఎలా చూపించాలో మెహబూబ్‌కి తెలియలేదు.

అదునైన సమయం కూడాను. బెల్లం బళ్ళు వరసగా దిగుతున్నాయి. పొద్దున్న వేలం దాకా బండివాళ్ళు మార్కెట్లోనే పడుంటారు. ఇదివరకు ఎవరి రాళ్ళ పొయ్యి వాళ్ళు పెట్టుకుని అంబలి కాచుకునేవారు. యుద్ధం వచ్చేక పుల్లలు దొరకడం గగనమైపోయి, వండింది ఎవరు, పొయ్యి ఎవరిది అని అడిగే ఓపిక చాలామందికి పోయింది.

ఈ సంగతంతా ఎలియాజరు చెవిన పడింది. ఎలియాజరు బెల్లం బస్తాలకి కాపలాగా గూడ్సు బండిలో కలకత్తా వెళ్ళొచ్చినవాడు. వెళ్ళింది ఒక్కసారే గాని, ఆ ప్రయాణం గురించి చెప్పడం మాత్రం ఇంకా పూర్తి కాలేదు. ఇప్పుడు గూడ్సు పెట్టెలన్నీ యుద్ధం సరుకుకే పోతుంటే అతనికి పని లేదు. టీ కొట్టు బల్ల మీద మధ్యలో కూచుని, గ్లాసు మోకాలి మీద పెట్టుకుని, గొంతు సవరించేడు.

"వంటోడు ఎల్లిపోయేడని బెంగెట్టుకున్నావేటి సాయిబూ? నానున్నాను కదా!"

"నువ్వు వంట చేస్తావా?" అన్నాడు మెహబూబ్.

"సేత్తానా అని అడుగుతావేటి? ఎలమంచిలి స్టేషన్లో నా కూర తిన్న గార్డుని అడుగు. ఆ రోజు ఏటైందనుకున్నావు, మిలట్రీ బండికి దారివ్వాలని మా గూడ్సుని పక్క పట్టాల మీద ఆపేసేరు. ఆకలి, పేనం పోతంది. నానేటి సేసేను? మూడు కంకర్రాళ్ళు ఎట్టేను, మూటలోంచి ఓ ఎండు సేప తీసేను, రెండొంకాయిలు, ఓ ఉల్లిపాయి, కాస్త సింతపండు పులుసు, పైన గుప్పెడు ఉప్పు. అంతే! నువ్వు ఈ టీ వడగట్టి గ్లాసులో పోసేలోపు కూర దిగిపోయింది. ఆ తర్వాత ఏటైందో తెలుసా? గార్డు ముక్కెగరేసుకుంటా పెట్టె పెట్టెకీ వచ్చి, నా కాడ కూకుని, పచ్చజెండా ఒళ్ళో ఏసుకుని, దాని మీదే ఆకు పరుచుకుని తినేసేడు."

"ఎండుచేప కూరకి గార్డు రావడంలో వింతేముంది? నేనైనా వస్తాను," అన్నాడు గిన్నెలకి కళాయి వేసే నాగూర్ మీరా. కొత్త గంగాళానికి కళాయి వేసి తెచ్చి, అది కాళ్ళ దగ్గర పెట్టుకుని కూచున్నాడు.

"వింత ముందుంది, ఇనవయ్యా!"

అప్పుడే పూడిమడక రేవు నుంచి వచ్చిన తలుపులమ్మ ఎండుచేపల బుట్ట దింపుకుని పాక గుంజకి చేరబడింది. వారం వారం వచ్చి ఊరంతా అమ్ముకుని పోయే మనిషి. ఈ పూట సగం బుట్ట మిగిలిపోయింది. ఎలియాజరు ఆవిణ్ణి చూసి మరింత ఉషారుగా ముందుకి వంగేడు.

"బరంపురంలో దిగేను. ఒరియావోళ్ళు పఖాళ అని ఎడతారు. మన సద్దన్నమే అనుకో, కానీ అందులో పెరుగు, దంచిన అల్లం, కరేపాకు, పక్కన కరకరలాడే వడియాలు, కాల్చిన వంకాయి పచ్చడి. ఆ ఎండలో అది గొంతు దిగతంటే ఉంటాది సూడు, మావా, కడుపులో ఎవరో విసనకర్రతో విసురుతున్నట్టే! ఊరికే తిని రాకూడదు కదా, మరియాద కాదు. నాను మన కూర వండి ఎట్టేను. ముందు ఆ ఇంటోళ్ళకి. ఆళ్ళు వీధోళ్ళని పిలిసేరు. వీధోళ్ళు స్టేషనోళ్ళని పిలిసేరు. ఇంక గుప్పెడు ఉప్పు ఏటి సాల్తాది? బుట్టెడు ఏసేను! తిన్నోడు తిన్నట్టు లేచి బావి కాడికి లగెత్తేరు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి!"

"అదెందుకు?" అన్నాడు సత్తియ్య. నాతవరం నుంచి బెల్లం తోలుకొచ్చిన పెద్ద బండివాడు, తల పండినవాడు.

"సేతులు కడుక్కోడానికి మావా! బేగి కడుక్కుని మళ్ళీ పంక్తిలో కూకోడానికి!"

తలుపులమ్మ ఏదో అనబోయి, మానేసి, తమలపాకు నోట్లో పెట్టుకుంది. మెహబూబ్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఎలియాజరు కోతల రాయుడని ఊరందరితో పాటు అతనికీ తెలుసు. కానీ మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినా చాలు కదా. ఇందులో నాలుగోవంతు నిజమైనా రేపటి గండం గట్టెక్కుతుంది, అల్లా దయ ఉంటే ఆ నాలుగోవంతు కూర వైపే ఉంటుంది అనుకున్నాడు.

"అక్కణ్ణించి కరగ్‌పూర్ ఎల్లేం," అన్నాడు ఎలియాజరు. ఈలోగా బల్ల చుట్టూ బండివాళ్ళు మరో నలుగురు చేరేరు. "అక్కడ మిలట్రీ స్పెషలు ఆగుంది. నా పేరు నాకన్నా ముందే ఎల్లిపోయింది. ఇంజను డ్రైవరు దిగొచ్చి, ఎలియాజరంటే నువ్వేనా, మా సిపాయిలు మూడు పూటలై రొట్టెముక్కలు కొరకలేక సత్తన్నారు, ఏదో ఒకటి సెయ్యి అని సెయ్యట్టుకున్నాడు. గిన్ని ఎక్కడుంది? ఇంజనే పొయ్యి! బొగ్గుల కాడ ఇనప తొట్టె ఎక్కించేను. గరిటె ఎక్కడుంది? బొగ్గు ఎత్తే పారే గరిటె! ఎండు సేపలు పడుతున్నాయి, వంకాయిలు పడుతున్నాయి, ఉప్పు బస్తాకి బస్తా కుమ్మరించేను. ఆ ఆవిరికి ఇంజను దానంతటదే కూతెట్టింది. బండి బండంతా తినేసింది!"

సత్తియ్య గెడ్డం గోక్కున్నాడు. "మీ గుడిలో అయిదు రొట్టెలు అయిదు వేల మందికి పంచిన కత సెప్తారే, అదేనేటి ఇది?"

"తప్పు మావా, తప్పు! అది ప్రభువు సెయ్యి. నాది ఒట్టి మనిషి సెయ్యి. అందుకే నాకు సేపలు కాస్త ఎక్కువ పట్టేయి." ఎలియాజరు చెంపలేసుకుని, వెంటనే గొంతు పెంచేడు. "తిన్నాక సూడాలి ఆ సిపాయిల్ని! ఇంజనుకి పట్టే నీళ్ళ కొళాయి కాడ అందరూ వరసకట్టేసేరు. పైనున్న తొట్టి ఎండిపోయింది. ఇంజనుకి సుక్క నీరు లేక మర్నాటి దాకా బండి కదల్లేదు. నా కూరంటే అంత ఇది ఆళ్ళకి!"

టీలు చల్లారిపోతున్నాయి. ఈ వేళకి బండివాళ్ళు పుల్లలు ఏరుకోడానికి లేవాలి. ఒక్కడూ లేవలేదు. ఎవడో లొట్టలు కూడా వేసేడు.

"ఇంక కలకత్తా! బెంగాలీవోళ్ళు సేపకి ఆవపిండి ఎట్టి వండుతారు. మనం పనసపొట్టుకి ఆవెట్టుకోమా, అలాగన్నమాట. ముద్ద నోట్లో ఎడితే ఆ ఘాటు ముక్కులోంచి ఎల్లి నడినెత్తికి కొడతాది. ఆహా! తిన్నాను, దండమెట్టేను, అయ్యా, ఇప్పుడు మా అనకాపల్లి తిండి సూడండన్నాను. గంగ ఒడ్డున ఇనప పడవ ఒకటి ఖాళీగా ఉంది. దాని కిందే మంటెట్టేం, పడవలోనే కూర! ఉప్పు ఏసింది గుప్పెళ్ళతోనా, బస్తాల్తోనా? ఇంకో నాటు పడవ నిండా తెచ్చి దొర్లించేం. ఆ వాసనకి ఎండు సేప కూడా ఓసారి తోకాడించింది, ఒట్టు! ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైంది?" అన్నారు నలుగురూ ఒక్కసారే.

"కుయ్యిమని సైరను! జపానోడి ఇమానం! జనం సెల్లాసెదరైపోయేరు. నాను కూర ఒగ్గేసి ఎలా ఎల్తాను, అడుగంటదూ? తలెత్తి సూసేను. ఆ ఇమానం గిర్రుమని తిరిగి, కూర మీదకి వచ్చి, గాల్లో అలాగే ఆగిపోయింది. కిటికీలోంచి తాడు దిగింది. తాడు కొసని గిన్ని! శత్రువైనా ఆకలన్నోడికి లేదనకూడదని గిన్ని నిండా ఎట్టేను. పైకి లాక్కున్నాడు. మా బతుకు ఇంతే అనుకున్నాను. ఇంతలో ఆ గిన్ని మళ్ళీ దిగింది, ఖాళీగా! ఊపేత్తన్నాడు తాడు! మారు కూరకి! ఇంకో రెండు గరిటెలు ఏసేనో లేదో, బాంబులు ఎయ్యడం మరిసిపోయి ఎల్లిపోయేడు. ఆ పూట కలకత్తా మిగిలిందంటే ఎవడి సలవ? మన అనకాపల్లి కూర సలవ!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఈలలు వేసేరు. మెహబూబ్ ఇంక ఆలోచించలేదు. "అరె భాయ్, విమానాలు వద్దులే. రేపు బండివాళ్ళకి చెయ్యి చాలు," అని పాకలోకెళ్ళి కొత్త గరిటె తెచ్చి ఎలియాజరుకి ఇవ్వబోయేడు. అతనూ చెయ్యి చాచేడు.

"సాయిబూ, గరిటె ఇచ్చే ముందు ఓ మాట," అంది తలుపులమ్మ.

అందరూ అటు తిరిగేరు. ఆవిడ తమలపాకు ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"తమ్ముడా, గార్డు వచ్చేడంటే నమ్మేను. ఇంజను మీద వంటంటే నమ్మేను. ఇమానం గాల్లో ఆగిందంటే, ఆగే ఉంటాది, జపానోడి ఇమానం సంగతి మనకేటి తెలుసు అనుకున్నాను. ఉప్పే. ఆ ఉప్పు మాత్రం నమ్మలేకపోతన్నాను."

"ఉప్పుకేటొచ్చిందమ్మా?" అన్నాడు ఎలియాజరు.

తలుపులమ్మ బుట్టలోంచి ఓ చేపని తోక పట్టుకు పైకి ఎత్తింది. పొట్ట పొడుగునా తెల్లగా మెరుస్తోంది. "దీన్ని ఎలా ఎండబెడతామనుకున్నావు? పొట్ట సీరి ఉప్పు కూరి, ఉప్పులో పండబెట్టి, అప్పుడు ఎండేత్తాం. ఎన్ని నీళ్ళు కడిగినా ఇంకా ఉప్పుంటాది. మా ఊళ్ళో నిన్న కాపరానికొచ్చిన గుంట కూడా ఈ కూర కాడికి ఉప్పు పిడత తేదు. నువ్వు సూడబోతే గుప్పెడేసేవు, బుట్టెడేసేవు, బస్తా ఏసేవు, పడవ తెచ్చి దొర్లించేవు!"

సత్తియ్య మెల్లగా నోరు తెరిచేడు.

"అయితే బరంపురం జనం బావి కాడికి లగెత్తింది..."

"సేతులు కడుక్కోడానిక్కాదు బాబూ, నాలిక కడుక్కోడానికి."

"మరి ఆ సిపాయిలు తొట్టి ఎండగట్టేసింది?"

"ఎండగట్టరా పాపం, బస్తా ఉప్పు తిని!"

నాగూర్ మీరా నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకునే అడిగేడు. "మరి విమానం వాడో, అమ్మా?"

"ఆడు రెండోపాలి గిన్ని దించింది కూరక్కాదు నాయనా," అంది తలుపులమ్మ, "మంచినీళ్ళకి!"

నవ్వులకి తాటాకులు ఎగిరిపోతాయేమో అనిపించింది. సత్తియ్య కళ్ళంట నీళ్ళు కారిపోయేయి. ఎలియాజరు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అందరితో పాటు నవ్విన మెహబూబ్‌కి, నవ్వు ఆగేక చూసుకుంటే గరిటె తన చేతిలోనే ఉంది. పొయ్యి చల్లగానే ఉంది. హాజిరాబీ బోసి చేతులు గుర్తొచ్చేయి.

అప్పుడు సత్తియ్య, "నవ్వితే నవ్వేం గాని సాయిబూ, కడుపులో ఎలకలు పరిగెడతన్నాయి," అన్నాడు. "ఆ బరంపురం సద్దన్నం కాణ్ణించీ ఇదే వరస. రేపటి దాకా ఎందుకు, ఇప్పుడే ఏదో ఒకటి ఎట్టించు."

"నాకూ!" "మాకూ!" అన్నారు మిగిలినవాళ్ళు. నాగూర్ మీరా కళాయి గంగాళం తీసుకెళ్ళి తనే పొయ్యి మీద పెట్టేసేడు.

మెహబూబ్ తలుపులమ్మ వైపు చూసేడు, ఆవిడ బుట్ట వైపు చూసేడు. "తలుపులమ్మా..."

"నువ్వు అడుగుతావనే కూకున్నాను. బుట్టెత్తుకుని ఇంటింటికీ తిరిగి కాళ్ళు పడిపోతన్నాయి. నీడపట్టున పొయ్యి కాడ కూకోమంటే కూకోనా? అయితే ఒకటి." తలుపులమ్మ కొంగు బిగించి గరిటె అందుకుంది. "ఈ తమ్ముడు ఉప్పు పిడత ముట్టుకోకూడదు."

చేపలు బాగా నానబెట్టి కడిగింది. వంకాయలు ఎలియాజరు కోసేడు, ఎవరూ చెప్పకుండానే, ముక్క ఒకటి లావు ఒకటి సన్నంగా. ఉల్లిపాయ వేగేక చింతపండు పులుసు పోసింది, సత్తియ్య బండిలోంచి చిదిపి తెచ్చిన కొత్త బెల్లం ముక్క పడేసింది. అన్నం వార్చేలోపు కూర దగ్గర పడిపోయింది. బండివాళ్ళు ఆకులు నాకినంత పని చేసేరు. ఎలియాజరు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, రెండోది కలుపుతూనే మారు కూరకి ఆకు ముందుకి జరిపేడు. మెహబూబ్ ఓ గిన్నెలో కూర తీసి హాజిరాబీ కోసం మూతపెట్టేడు, ఇంటికెళ్ళి ఎలా చెప్పాలో లోపల్లోపల అప్పుడే అనుకుంటున్నాడు.

రోడ్డు మీద ఎడ్ల మువ్వలు వినిపించేయి. మరో నాలుగు బళ్ళు మార్కెట్టు కేసి వస్తున్నాయి. గంగాళంలో కూర ఇంకా సగం ఉంది.

"ఎలియాజరూ, తిన్నది చాలు, లే!" అన్నాడు మెహబూబ్ అతన్ని భుజం మీద తట్టి. "కూర ఆవిడ చేస్తుంది. ఆకలి నువ్వు పుట్టించాలి. రోజూ రెండు పూటలా భోజనం, జీతం నీకూ ఉంది. పో, రోడ్డు మీదికి."

ఎలియాజరు చెయ్యి కడుక్కోకుండానే లేచి, మొదటి బండికి అడ్డంగా నిలబడి, ఎడ్ల పగ్గం పట్టుకున్నాడు. "ఎక్కడికి మావా అంత తొందర? దిగు. ఈ కూర తినడానికి జపానోడే ఇమానం ఆపేడు, నువ్వు బండి ఆపలేవేటి?" అని మొదలెట్టేడు. ఎలమంచిలి, బరంపురం, కరగ్‌పూర్, కలకత్తా అన్నీ వరసగా వచ్చేయి. పొయ్యి దగ్గర గరిటె ఆపి తలుపులమ్మ చెవి ఒగ్గి వింది. ఈసారి కథలో ఎక్కడా చిటికెడు ఉప్పు కూడా వెయ్యలేదు.