చెంచమ్మ పడిన పూచీ

చెంచమ్మని ఒకామె ఉండేదంట. మొగుడు పోయాడు, పిల్లాజెల్లా లేరు, ఉన్నదల్లా కాలవ కొసన అరెకరం మడి. కొస మడంటే మీకు తెలవంది ఏముంది, అందరికీ పారి మిగిలితే దానికి, లేకపోతే లేదు. వాళ్లది కిందపాలెం. వాగుకి అవతల పైపాలెం. రెండూళ్లకీ ఆ ఒక్క వాగే. నాట్లు పడినాక నీళ్లు ముందు మాకంటే మాకని ఏటా తలకాయలు పగిలేయంట. ఇట్టా కాదని పాతకాలం పెద్దోళ్లు ఒక ఆట పెట్టారు. వంకీ కర్రలతో చెండుని తోలి అవతలి ఊరి గట్టు దాటించాల. ఇప్పుడు హాకీ అంటన్నారే, అట్టాంటిదే అనుకో. గెలిచిన ఊరికి ముందు నీళ్లు, ఓడిన ఊరికి మిగిలిన నీళ్లు.

ఏమైందంటే, కిందపాలెం వరసగా మూడేళ్లు ఓడింది. చెంచమ్మ మడిలో ఏటా నాలుగు కుంచాలు, అంతే. దాన్నే గంజి కాసుకుని బతికేదంట. అప్పుడు ఊరిపెద్ద తిరుపాలు, బయటినించి మాలకొండయ్యని తెద్దాం అన్నాడంట. ఆ మాలకొండయ్య కర్ర పట్టాడా, చెండు కుక్కపిల్ల మాదిరి వెంటబడి తిరగాల్సిందే. అంత పనితనం. మనిషికి మటుకు మంచి పేరు లేదు. రెండూళ్లలో ఆడి రెండు చోట్లా ఎవరిదో ఒకరి కాలు విరగ్గొట్టాడు. బయటోణ్ణి ఆడించాలంటే ఊళ్లో ఒక ఇల్లు పూచీ పడాలని కట్టుబాటు. వాడు ఎవరి కాలి మీదన్నా కొడితే పూచీ పడినోళ్ల మడికి ఆ ఏడు చుక్క నీళ్లియ్యరు. కానీ కాలు విరిగినా సరే, చెండు గట్టు దాటితే దాటినట్టే. చూశారా తమాషా? ఊరికేమో నీళ్లు, పూచీ పడిన ఇంటికేమో ఎండ.

అందరూ చావడిలో కూర్చున్నారు. "వాణ్ణి తేవాల్సిందే" అన్నాడంట ఒకాయన. "అయితే పూచీ నువ్వుండు బావా." "నేనా? నాకు నలుగురు ఆడపిల్లలు. నువ్వే ఉండు." "నేనుంటాలే గానీ, మా ఇంట్లోది ఒప్పుకోదే." "నీ ఇంట్లోది ఏనాడు దేనికి ఒప్పుకుంది గనకా!" అని నవ్వులంట. పనితనం అందరికీ కావాల, దాని వెనకాల వచ్చేది మటుకు ఎవరికీ వద్దు. చెంచమ్మ స్తంభం చాటున నిలబడి ఇదంతా వింటా ఉంది. ఏనాడూ నలుగురిలో నోరు తెరిచిన మనిషి కాదు. వాణ్ణి తేకపోతే ఆ నాలుగు కుంచాలు ఎటూ పోవు, గెలిస్తే నాలుగు బస్తాలు, వాడు కాలు విరగ్గొట్టాడా, పస్తు. మనసులో ఎన్నిసార్లు అటూ ఇటూ వేసుకుందో పాపం.

మాట్లాడదామని ముందే పిలిపిస్తే వచ్చి, మాలకొండయ్య చావడి బయట బండి మీద కూర్చోనున్నాడంట. చెంచమ్మ నేరుగా వాడి దగ్గరికే పోయింది. "ఆ ఊళ్లలో కాళ్లెందుకు విరగ్గొట్టావు నాయనా?" "కొట్టమని అరిచారు, కొట్టానత్తా. పూచీ కింద పంటలేని బీడు చూపించారు. బీడెండితే ఎవరికి నష్టం?" "నాది బీడు కాదు. వరి నాటాను." "కొట్టనని ఒట్టెయ్యమంటావా?" "ఒట్టొద్దులే. ఒకసారి వచ్చి మడి చూసిపో." వచ్చి చూశాడంట. గట్టు మీద కాసేపు కూర్చున్నాడు, లేచి పోయాడు. ఆమె వెళ్లి తిరుపాలుతో, పూచీ నేనుంటానంది.

ఆట రోజు రెండూళ్లూ చెరి మూడుసార్లు దాటించారు. ఇంకొక్కటి ఎవరు దాటిస్తే వాళ్లదే. చెండు పోయి పోయి పైపాలెం గట్టు దగ్గర, వాళ్ల ఆటగాడి కాళ్ల మధ్యన ఆగిందంట. మాలకొండయ్య కర్రెత్తాడు. ఆ ఊపున కొడితే చెండు గట్టు దాటుద్ది, ఆ కాలూ పోద్ది. కిందపాలెం మొత్తం లేచి నిలబడి "కొట్టరా! కొట్టు!" అని అరుపులు. తిరుపాలైతే పైగుడ్డ ఊపుతా అరిచాడంట. చెంచమ్మ ఒక్కతే అరవలా. మాలకొండయ్య ఆ గుంపుని చూశాడు, ఎత్తిన కర్ర అట్టాగే దించాడు. ఆ సందులో పైపాలెపోడు చెండు తోలుకుపోయి దాటించేశాడు. ఓడారు.

ఇంకేముంది, అందరూ ఆమె మీద పడ్డారు. "నీ ఒక్కదాని మడి కోసం ఊరు ఓడింది గదమ్మే!" అన్నాడంట తిరుపాలు. చెంచమ్మ కొంగు సర్దుకుని మెల్లగా అందంట, "ఆ అరిచినోళ్లలో ఒక్కరు పూచీకి వచ్చున్నా వాడు కొట్టేవాడేమో తిరుపాలన్నా. నీ మడి పూచీ పెట్టి అడుగు, కొడతాడు." 

ఆ ఏడు కూడా ఆమెకి నాలుగు కుంచాలే. అందులో ఒకటి మాలకొండయ్యకి కొలిస్తే తీసుకోలేదంటారు కొందరు, తీసుకున్నాడంటారు కొందరు. నేనైతే తీసుకునే ఉంటాడంటాను, వాడికీ ఆకలుంటది గదా. పూచీ పడిన ఇంటి కోసం వాడు కర్ర దించడం కళ్లారా చూశారు గదా, మళ్లీ ఏడు మాలకొండయ్యకి పూచీ మేముంటామంటే మేముంటామని ముగ్గురొచ్చారంట, అందరికన్నా ముందు తిరుపాలు. ఒక మనిషి దిగి లోతు చూసి వచ్చినాక, ఈదేవాళ్లకేం కొదవమ్మా!